భీమిలి నీళ్లలో పసుపు బోయా: మాఘ పౌర్ణమి వారం

శుక్రవారం, ఏకాదశి. విశాఖపట్నం

ఈ వారాన్ని పంచాంగం చూసే ఎంచుకున్నాం. పౌర్ణమికి అటూ ఇటూ పోటు బాగా ఎక్కుతుంది, పాటు బాగా దిగుతుంది. విశాఖలో అష్టమి దగ్గర పోటుకీ పాటుకీ తేడా అర మీటరు ఉంటే, పౌర్ణమి, అమావాస్యలకు అది దాదాపు ఒకటిన్నర మీటరు అవుతుంది. నీటిమట్టం కొలిచే మా బోయాను, అంటే నీటి మీద తేలే పరికరాన్ని, పరీక్షించాలంటే నీళ్లు ఎంత పైకీ కిందికీ తిరిగితే అంత మంచిది. పైగా మాఘమాసంలో సముద్రం నెమ్మదిగా ఉంటుంది. ఏప్రిల్ 15న వేట నిషేధం మొదలయ్యేదాకా బోట్లు కూడా దొరుకుతాయి.

గోదావరి ఎక్స్‌ప్రెస్‌లో పొద్దున్నే దిగాం. మా బోయా ముందురోజే మినీ వ్యాన్‌లో వచ్చేసింది. 80 సెంటీమీటర్ల వెడల్పున్న పసుపు రంగు ఫోమ్ చక్రం, దాని మీద అల్యూమినియం స్టాండు, ఆ పైన జీపీఎస్ తరహా ఉపగ్రహాలన్నిటి సిగ్నళ్లూ పట్టే యాంటెన్నా, మధ్యలో బ్యాటరీ డబ్బా, చుట్టూ సోలార్ పలకలు. నీటితో పాటే పైకి లేస్తుంది, నీటితో పాటే దిగుతుంది. యాంటెన్నా ఎత్తు సెకనుకోసారి తెలిస్తే నీటి ఎత్తు తెలిసినట్టే. చెప్పుకోవడానికి ఇంతే. ఆ "తెలిస్తే" దగ్గరే అసలు పనంతా ఉంది.

బోయా ఎందుకంటే, పోటుపాట్ల మట్టం కొలిచే మామూలు టైడ్ గేజ్‌కి ఒక గోడ కావాలి. పాత రకంలో నీళ్లలోకి దించిన గొట్టంలో తేలే బుడ్డి ఒకటి ఉండేది, ఇప్పుడు జెట్టీ అంచున పైనుంచి నీటి దూరం కొలిచే రాడార్ ఉంటుంది. ఏదైనా సరే, బిగించడానికి కదలని కట్టడం ఉండాలి. అలాంటి కట్టడాలు ఓడరేవుల్లోనే ఉంటాయి. ఉప్పెన మాత్రం ఓడరేవు చూసుకుని రాదు. 1977 నవంబర్ 19న దివిసీమను ముంచినప్పుడు నీళ్లు దాదాపు ఐదు మీటర్ల ఎత్తున వచ్చాయని చెబుతాం. అది తర్వాత మిగిలిన గుర్తులను బట్టి కట్టిన లెక్క. 2014 అక్టోబర్ 12న హుద్‌హుద్ వచ్చినప్పుడు విశాఖ టైడ్ గేజ్, మామూలు పోటు మీద అదనంగా 1.4 మీటర్లు చూపించింది. అది హార్బర్ లెక్క. భీమిలిలో, పూడిమడకలో, ముక్కాంలో నీళ్లు ఎంత ఎక్కాయో ఆ ఒక్క అంకెతో చెప్పలేం. ఈ ఖాళీని బోయాలు పూరించగలవన్నది నా గట్టి నమ్మకం. అయితే తుఫాను రోజున దాని మాట మీద ఊళ్లు ఖాళీ చేయించాలంటే, ఎండ కాసే రోజున దాని మాట ఎంత నిజమో ముందే తేల్చుకుని ఉండాలి. మేం వచ్చిన పని అదే.

శనివారం, ద్వాదశి. హార్బర్

ఈ పరీక్షకు విశాఖ కంటే మంచి చోటు మన తీరంలో లేదు. ఇక్కడి సముద్రమట్టం రికార్డు 1937 నుంచి ఉంది. ఇంకా వెనక్కి వెళితే, 1909లో దేశమంతటికీ ఎత్తుల లెక్క కట్టినప్పుడు తొమ్మిది రేవుల సగటు సముద్రమట్టాన్ని సున్నాగా తీసుకున్నారు. కరాచీ, బొంబాయి, మద్రాసులతో పాటు విశాఖ కూడా ఆ తొమ్మిదిలో ఒకటి. రైల్వే స్టేషన్ పలక మీద ఊరి పేరు కింద రాసే ఎత్తు ఉంటుందే, దాని వెనక ఇలాంటి రేవుల్లో ఏళ్ల తరబడి సాగిన కొలత ఉంది.

1950ల్లో ఆంధ్ర విశ్వవిద్యాలయానికి ఫుల్‌బ్రైట్ ప్రొఫెసర్‌గా వచ్చిన యూజీన్ లాఫాండ్ ఇక్కడి సముద్రాన్ని శ్రద్ధగా చదివారు. విశాఖలో నీటిమట్టం రోజుకి రెండుసార్లు ఎక్కి దిగడమే కాదు, ఏడాదికి ఒకసారి కూడా ఎక్కి దిగుతుంది. మార్చి ప్రాంతంలో బాగా తక్కువగా, అక్టోబర్, నవంబర్లలో బాగా ఎక్కువగా, అర మీటరుకు పైగా తేడాతో. మన పెద్ద తుఫాన్లు వచ్చేది సరిగ్గా ఆ ఎక్కువ నెలల్లోనే. ఈ ఒక్క సంగతి తీరంలో ఉండే ప్రతి మనిషికీ తెలియాలని నాకుంటుంది.

పొద్దుటంతా బోయా మునక కొలవడంతో సరిపోయింది. హైదరాబాద్‌లో మంచినీళ్ల ట్యాంకులో కొలిచిన లెక్క ఇక్కడ పనికిరాదు. ఉప్పునీళ్లు రెండున్నర శాతం బరువెక్కువ. మంచినీళ్లలో 40 సెంటీమీటర్లు మునిగే వస్తువు సముద్రంలో 39 మాత్రమే మునుగుతుంది. మేం వెతుకుతున్న ఖచ్చితత్వం కూడా ఆ ఒక్క సెంటీమీటరే. అక్టోబర్, నవంబర్లలో తీరం వెంట ఉత్తరం నుంచి వచ్చే ప్రవాహం గంగ, మహానది నీళ్లను మోసుకొచ్చి ఇక్కడి ఉప్పుదనాన్ని తగ్గిస్తుంది. అంటే ఇదే బోయా ఫిబ్రవరిలో ఒకలా, నవంబర్‌లో మరోలా మునుగుతుంది. అందుకని ఉప్పుదనం కొలిచే సెన్సర్ కూడా దాని కడుపులో పెట్టాం.

సాయంత్రం మా బృందంలో సర్వే పని చూసే మేడమ్, పక్కనున్న భవనం పైకప్పు మీద బేస్ స్టేషన్ బిగించారు. ఒంటరిగా వదిలేస్తే ఉపగ్రహ రిసీవర్ ఎత్తు విషయంలో మీటర్లలో తప్పుతుంది. దగ్గరలో ఎత్తు తెలిసిన చోట ఇంకో రిసీవర్ ఉంటే, రెండింటికీ ఒకేలా వచ్చే తప్పులు కొట్టివేసుకుపోయి రెండు మూడు సెంటీమీటర్లు మిగులుతాయి. ఆరు నిమిషాల సగటు తీస్తే కెరటాల ఎత్తుపల్లాలు కూడా అందులో కరిగిపోతాయి.

స్క్రీన్ మీద మొదటి అంకె మైనస్‌లో, పదుల మీటర్ల కింద కనబడగానే కొత్తగా చేరిన కుర్రాడు కంగారుపడ్డాడు. "సార్, మనం సముద్రం అడుగున ఉన్నామా?"

మేడమ్ నవ్వి, అతన్ని పక్కన కూర్చోబెట్టుకుని చెప్పారు. ఉపగ్రహాలు ఎత్తును భూమికి గణితం గీసిన నునుపైన ఉపరితలం నుంచి లెక్కిస్తాయి. నిజం సముద్రం గురుత్వాకర్షణ చెప్పినట్టు పరుచుకుంటుంది. హిందూ మహాసముద్రంలో ఆకర్షణ తక్కువగా ఉండటంతో శ్రీలంకకు దక్షిణాన నీళ్లు ఆ గణిత ఉపరితలం కంటే దాదాపు 106 మీటర్లు కిందికి ఉంటాయి. ఆ పల్లం అంచు మన బంగాళాఖాతం దాకా వస్తుంది. కాబట్టి ఉపగ్రహం ఇచ్చిన అంకెను పోర్టు బెంచ్‌మార్కుకి, అంటే ఎత్తు తెలిసిన స్థిరమైన గుర్తుకి, కలిపితే తప్ప దానికి అర్థం లేదు. నీటిమట్టం ఎంత అని అడిగిన ప్రతిసారీ, ఎక్కడి నుంచి ఎంత అని కూడా అడగాలి.

ఆదివారం, త్రయోదశి. హార్బర్ జెట్టీ

ఒక పోటు నుంచి మర్నాటి పోటు దాకా కదలకుండా కూర్చునే రోజు. బోయాను జెట్టీకి నాలుగు గజాల దూరంలో కట్టాం. జెట్టీ అంచుకు మా రాడార్ గేజ్ బిగించి ఉంది. ఆ పక్కనే నీళ్లలోకి దిగే టైడ్ పోల్, ఎరుపూ తెలుపూ పట్టీలు, సెంటీమీటర్ల గీతలు. ఎంత ఖరీదైన పరికరమైనా చివరికి ఈ కొయ్య ముందు నిలబడి సమాధానం చెప్పాల్సిందే.

రాత్రి రెండు దాటాక నా వంతు. టార్చి వెలుగు పోల్ మీద పడితే నీటి అంచు మెరుస్తోంది. పోల్ కింది భాగానికి నాచు పట్టి, గుల్లలు అంటుకుని ఉన్నాయి. నీరు ఊపిరి తీసినట్టు 1.18కి ఎక్కి, 1.12కి దిగి, మళ్లీ 1.17. కాసేపు అలాగే చూసి మధ్యస్థంగా 1.15 అని రాసుకున్నాను. టైము రాయడం మర్చిపోకూడదు, అది అంకె కన్నా ముఖ్యం. నీళ్లు జోరుగా ఎక్కేటప్పుడు నిమిషానికి ఆరు మిల్లీమీటర్ల దాకా ఎక్కుతాయి. ఐదు నిమిషాలు అటూ ఇటూ అయితే మూడు సెంటీమీటర్లు గల్లంతు. చలిగాలి వీస్తోంది, డీజిల్ వాసన, ఎండుచేపల వాసన కలిసి వస్తున్నాయి. ఎదురుగా డాల్ఫిన్స్ నోస్ మీద లైట్‌హౌస్ వెలుగు తిరుగుతోంది.

పొద్దున్న లెక్కలు గీశాం. ఈ పనికి వాన్ డి కాస్టీల్ పరీక్ష అని ఒక పాత పద్ధతి ఉంది, ఫ్రాన్సు సర్వేయర్ల నుంచి వచ్చింది. నిలువు గీత మీద నీటిమట్టం, అడ్డగీత మీద రెండు పరికరాల మధ్య తేడా. ఒక పోటు పాటు అంతా గీస్తే, పరికరం మంచిదైతే చుక్కలన్నీ నిటారుగా ఒకే వరసలో నిలుస్తాయి. వరస పక్కకి వాలితే కొలబద్దలో దోషం. చుక్కలు ఎక్కేటప్పుడు ఒక దారిన, దిగేటప్పుడు ఇంకో దారిన పోయి ఉంగరంలా తిరిగితే గడియారంలో దోషం. ఒక్క బొమ్మ చూసి జబ్బు పేరు చెప్పేయొచ్చు. ఇంత సులువైన, ఇంత నిజాయితీ గల పరీక్షను నేను మరొకటి చూడలేదు.

మా వరస నిటారుగానే ఉంది. తేడా సెంటీమీటరు లోపు, అక్కడక్కడ ఒకటిన్నర. హార్బర్‌లో పాసయినట్టే. అయితే హార్బర్‌లో కెరటం లేదు, ప్రవాహం లేదు. రేపటి నుంచి అసలు సంగతి.

సోమవారం, చతుర్దశి. భీమిలి

బీచ్ రోడ్డు మీదుగా వ్యాన్ తెల్లవారుజామునే భీమిలి చేరింది. గోస్తనీ నది సముద్రంలో కలిసే చోటు, డచ్చివాళ్ల సమాధులున్న ఊరు, 1861 నాటి మున్సిపాలిటీ. చూడాల్సినవి చాలా ఉన్నాయి కానీ మా కళ్లన్నీ నీళ్ల మీదే.

మేం మాట్లాడుకున్న బోటు సరంగు అరవై దాటిన మనిషి. బోయా చుట్టూ ఒకసారి తిరిగి, దానికి లంగరుగా తెచ్చిన సిమెంట్ దిమ్మను కాలితో తోసి చూశాడు.

"ఏటి బాబూ, ఇంత పెద్ద ముద్దకి ఈ సన్న తాడేటి?"

సన్న తాడు కావాలనే పెట్టాం. దిమ్మ నుంచి కొంత గొలుసు, ఆ పైన సాగే రబ్బరు తాడు, ఆ తర్వాత నైలాన్. గొలుసే మొత్తం పెడితే దాని బరువంతా బోయాను కిందికి లాగుతుంది, పోటు ఎక్కేకొద్దీ ఇంకా లాగుతుంది. మా బోయాను ఒక్క సెంటీమీటరు ముంచడానికి ఐదు కిలోల బరువు చాలు. ఇదంతా చెబితే ఆయన శ్రద్ధగా విన్నాడు. విని, ముడి మాత్రం తనే వేస్తానన్నాడు. మేం వేసిన ముడిని విప్పి, తాడు ఒరుసుకోకుండా గుడ్డ చుట్టి, మళ్లీ కట్టాడు. చేతి వేళ్లు పగిలిపోయి ఉన్నాయి, ముడి మాత్రం కళ్లకి అందనంత వేగంగా పడింది.

పన్నెండు మీటర్ల లోతు దగ్గర ఇంజిన్ ఆపించాం. ముందు అడుగున ప్రెజర్ సెన్సర్ దింపాం. పైన ఎంత నీరుంటే అంత ఒత్తిడి, కాబట్టి ఇది బోయాకి సాక్షి. తర్వాత దిమ్మ. కళాసీలు ఇద్దరు బోటు అంచు మీదుగా దొర్లించగానే తాడు బుసకొడుతూ పరుగెత్తింది, బోయా ఒక్క ఊపు ఊగి నిలబడింది. పైన పసుపు దీపం 20 సెకన్లలో ఐదుసార్లు మెరిసి ఆగుతోంది. సముద్రంలో సమాచారం సేకరించే బోయాలకి ప్రపంచమంతటా అదే గుర్తు.

తిరిగొస్తుంటే నాకు ఎప్పుడూ ఉండే టెన్షన్ సరంగుతో చెప్పాను. సునామీని పసిగట్టడానికి లోతు సముద్రంలో వదిలిన బోయాలకు, వాతావరణం కొలిచే బోయాలకు పడవల వల్ల దెబ్బలు తగులుతూ ఉంటాయి. తాళ్లు తెగుతాయి, సోలార్ పలకలు పోతాయి. చెన్నైలోని జాతీయ సముద్ర సాంకేతిక సంస్థ వాళ్లు 1990ల చివరి నుంచి బోయాలు నడుపుతూ, ఊరూరా తిరిగి జాలర్లకు నచ్చజెబుతూనే ఉన్నారు.

ఆయన బీడీ వెలిగించుకుని అన్నాడు: "కింద నీడుంటే సేప సేరతాది బాబూ. సేపుంటే మా తెప్పలు సేరతాయి. అందులో ఎవుడి తప్పూ లేదు."

మంగళవారం, పౌర్ణమి. భీమిలి

తెల్లారేసరికి ఒడ్డంతా జనం. మాఘ పౌర్ణమి సముద్రస్నానం. పల్లెల నుంచి ఆటోల్లో, ట్రాక్టర్లలో వచ్చారు. పసుపు కుంకుమలు, అరటిపళ్లు, ఇసుకలో దీపాలు, కెరటం వచ్చిన ప్రతిసారీ పిల్లల కేకలు. తొమ్మిది ప్రాంతంలో పోటు నిండుగా ఎక్కింది.

2004 డిసెంబర్ 26 కూడా పౌర్ణమే. సుమత్రా దగ్గర పొద్దున ఆరున్నరకు భూమి కంపిస్తే, తొమ్మిది ప్రాంతంలో సునామీ ఈ తీరాన్ని తాకింది. అంటే నిండు పోటు మీద వచ్చిపడింది. అప్పట్లో మనకు హెచ్చరిక కేంద్రం లేదు, 2007 అక్టోబర్‌లో హైదరాబాద్‌లోని జాతీయ సముద్ర సమాచార కేంద్రం ఇన్‌కాయిస్‌లో మొదలైంది. స్నానాలు చేస్తున్న ఆ జనాన్ని చూస్తూ ఈ లెక్క గుర్తు రాకుండా ఉండదు నాకు.

అలాంటి వేళ బోయా ఏం చేయగలదో జపాన్‌లో తేలింది. టోక్యో విశ్వవిద్యాలయానికి చెందిన తెరుయుకి కాతో బృందం ఏళ్ల తరబడి ఇలాగే చిన్న బోయాలతో పరీక్షలు చేసుకుంటూ వచ్చింది. ఆ తర్వాత అక్కడి తీరం వెంట పెద్ద జీపీఎస్ బోయాలు వెలిశాయి. 2011 మార్చి 11న మధ్యాహ్నం 2:46కి భూకంపం. ఇవాతే తీరానికి మొదట ఇచ్చిన హెచ్చరిక మూడు మీటర్లు. ఆ తీరంలోని కమాయిషి ఊరి ఎదుట 204 మీటర్ల లోతున ఉన్న బోయా అల ఎదగడం చూపించింది, అది 6.7 మీటర్ల దాకా పోయింది. 3:14కి హెచ్చరికను ఆరు మీటర్లకు పెంచారు, ఆ తర్వాత ఇంకా పెంచారు. కరెంటు పోయి, ఫోన్లు ఆగి ఆ పెంచిన మాట చాలామందికి అందలేదు. అదే నన్ను ఎక్కువ బాధపెట్టే సంగతి. బోయా తన పని తాను చేసింది. ఒడ్డున మాట నడిచే దారి తెగిపోయింది.

మా బోయా కూడా ఆ పొద్దున ఒక మాట చెప్పింది. ఐదున్నరకు ఫోన్‌లో గ్రాఫ్ చూస్తుంటే నీటిమట్టం ఉన్నట్టుండి కొన్ని సెంటీమీటర్లు పడిపోయింది. బోయా వాలు కూడా అదే నిమిషంలో ఇరవై డిగ్రీలకు పోయి అక్కడే నిలిచింది. సముద్రం ఇలా దిగదు. సరంగుకి ఫోన్ చేశాం. "ఎవుడో తెప్ప కట్టేసుంటాడు, ఉండండి" అని పెట్టేశాడు. ముప్పావు గంటలో గీత మళ్లీ పైకొచ్చింది. తర్వాత తెలిసింది, ఆ తెప్ప మీదున్నది ఆయన మేనల్లుడే. నాలుగు కవళ్ల చేపలు బాగానే పడ్డాయట.

బుధవారం, బహుళ పాడ్యమి. ఉప్పాడ

బోయాను సరంగుకి అప్పగించి మేడమ్, నేను కాకినాడ వైపు వెళ్లాం. పౌర్ణమి మర్నాడు, ఆ పై రోజు పోటు ఇంకా పెద్దది. ఉప్పాడ దాన్ని చూడాల్సిన చోటు.

కాకినాడ బీచ్ రోడ్డు మీద పది దాటాక చేరాం. తుఫాను లేదు, గాలి లేదు, ఆకాశం నిర్మలంగా ఉంది. అయినా కెరటం రాళ్ల మీదికెక్కి రోడ్డు మీద చిందుతోంది. ఇక్కడ ఊరు ఏటేటా సముద్రంలోకి పోతోంది. ఇళ్లు పోయాయి, గుళ్లు పోయాయి. ఇసుక నింపిన జియో ట్యూబుల గోడ కట్టారు, దాన్నీ సముద్రం కొట్టింది. గోదావరి తెచ్చే ఇసుకతో పెరిగిన హోప్ ఐలాండ్ కాకినాడకు గోడలా అడ్డు నిలిచింది, ఆ అడ్డు దాటగానే ఉన్న ఉప్పాడ మీద కెరటాల దెబ్బ పడుతోందన్నది శాస్త్రవేత్తలు చెప్పే కారణాల్లో ఒకటి.

ఒక జాంధానీ మగ్గం ఇంటి అరుగు మీద కాసేపు కూర్చున్నాం. ఆ ఇంటి అమ్మమ్మ మా సంచుల్లోని వైర్లు చూసి అడిగింది: "ఏం చేత్తారమ్మా మీరు?"

"నీళ్లు ఎంత ఎత్తుకొస్తాయో కొలుస్తామండీ" అన్నారు మేడమ్.

"కొలవడానికేం ఉంది తల్లీ, మా పాతిల్లు అదిగో, ఆ కెరటం కాడుండేది."

ఆమెకు ఏం చెప్పాలో మాకు తోచలేదు. ఆమె మాట నిజం. బోయా కెరటాలు విరిగే చోటికి అవతల ఉంటుంది. విరిగిన కెరటాలు ఒడ్డున పోగుపెట్టే అదనపు నీరు దానికి కనబడదు. ఉప్పాడ లాంటి చోట ఒడ్డున ఇంకో కొలత కూడా ఉండాలి, కనీసం ఒక పోల్, దాన్ని రోజూ చూసి రాసే ఒక మనిషి. ఈ మాట మా రిపోర్టులో మొదటి పేజీలోనే ఉండాలని మేడమ్ వ్యాన్‌లోనే రాసేశారు.

గురువారం, విదియ. భీమిలి

బోయాను, సెన్సర్‌ను పైకి తీశాం. అప్పుడే తాడుకి సన్నగా నాచు పట్టింది. నెలలు ఉంచితే గుల్లలు పడతాయి, ఆ బరువుకీ లెక్క కట్టాలి.

ప్రెజర్ సెన్సర్ లెక్కలో గాలి ఒత్తిడి తీసేయాలి. గాలి ఒత్తిడి ఒక మిల్లీబారు తగ్గితే సముద్రం ఒక సెంటీమీటరు లేస్తుంది. హుద్‌హుద్ కేంద్రంలో ఒత్తిడి 950 మిల్లీబార్లు, మామూలు కంటే అరవైకి పైగా తక్కువ. గాలి తోసింది కాక, ఆ లోటు ఒక్కటే సముద్రాన్ని అర మీటరు పైకి లాగగలదు. ఈ వారం మాత్రం గాలి ఒత్తిడిలో పెద్ద మార్పు లేదు.

రాత్రిళ్లు, తెల్లవారుజామున బోయా, సెన్సర్ రెండు సెంటీమీటర్ల లోపు ఒకే మాట చెప్పాయి. మధ్యాహ్నం సముద్రపు గాలి లేచి ఉత్తరానికి ప్రవాహం జోరందుకున్నప్పుడు మాత్రం బోయా నాలుగు సెంటీమీటర్లు తక్కువ చూపింది. ఆ వేళల్లో అది సగటున పన్నెండు డిగ్రీలు వాలి ఉంది. నీటికి 1.2 మీటర్ల పైనున్న యాంటెన్నా పన్నెండు డిగ్రీలు వాలితే రెండున్నర సెంటీమీటర్లు దిగుతుంది. మిగిలిన ఒకటిన్నర, తాడు లాగిన ఏడెనిమిది కిలోలది. వాలు సెన్సర్‌తో మొదటిది సరిచేయొచ్చు, చేసి చూస్తే సరిపోయింది కూడా. రెండోదానికి తాడులో లాగుడు కొలిచే సెన్సర్ పెట్టాలి. తుఫాను ప్రవాహంలో ఆ ఏడెనిమిది కిలోలు ఎన్నో రెట్లవుతాయి. పైగా ఇవన్నీ నీటిమట్టాన్ని తక్కువ చేసి చూపే తప్పులే. ఉప్పెన వేళ తక్కువ చెప్పడం కంటే ప్రమాదం లేదు. కాబట్టి ఆ సెన్సర్ లేకుండా ఈ బోయాను తుఫాను సీజన్‌లో వదలకూడదన్నది నా అభిప్రాయం, మేడమ్‌దీ అదే.

తెప్ప కట్టిన ముప్పావు గంటను లెక్కల నుంచి తీసేయలేదు. వాలు, మట్టం ఒకేసారి మారితే అది నీరు కాదు, పడవ అని ప్రోగ్రామ్‌కి నేర్పడానికి అదే మాకు దొరికిన అసలైన ఉదాహరణ.

డబ్బులు తీసుకుంటూ సరంగు అడిగాడు, ఆ ఫోన్‌లో గీత తమకూ కనబడుతుందా అని. పోటు ఎంతుంది, కెరటం ఎంతుంది తెలిస్తే తెప్ప దించాలా వద్దా ఇంటి దగ్గరే చూసుకుంటామన్నాడు. కెరటం ఎత్తు బోయాకి ఎలాగూ తెలుసు, మేం సగటు తీసి పారేసేది అదే. వచ్చే దఫా బోయా దించేలోగా, గంటకోసారి పోటు, కెరటం అంకెలు తెలుగులో వాయిస్ మెసేజ్‌గా భీమిలి జాలర్ల వాట్సాప్ గ్రూపుకి వెళ్లేలా చేయాలని రాసుకున్నాం. వేట నిషేధం రోజుల్లో పడవలు ఒడ్డునే ఉంటాయి కాబట్టి బోయాను ఏప్రిల్ మూడోవారంలో దించి, నిషేధం ముగిసే జూన్ 14 దాటాక కూడా కొన్నాళ్లు ఉంచుతాం. పడవలు లేనప్పటి లెక్క, ఉన్నప్పటి లెక్క రెండూ కావాలి. ముడి వేయడానికి సరంగు వస్తానన్నాడు.